పెట్టె దొరక్కపోయినా ఫర్వాలేదు



పోయిన సంచికలో పదో తరగతి అన్న ఒకరు మన బాలల దినోత్సవం నిధి వేట గురించి రాశారు. ప్రతి ఏడూ అదే ఆట, అవే చీటీలు, అదే వాటర్ ట్యాంకు వెనక చాక్లెట్ల డబ్బా, ఇంక ఇది మానేసి సెల్‌ఫోనులో జీపీఎస్ నంబర్లు పెట్టి ఆడదాం, కాలానికి తగ్గట్టు ఉంటుంది అన్నారు. ఆ చార్టు కింద చాలామంది పెన్సిలుతో "కరెక్ట్" అని రాసి వెళ్లారు. పాత ఆట విసుగు పుట్టిందన్న మాట నిజమే, అక్కడి దాకా నేనూ ఆ అన్న వైపే. కానీ నంబర్లతో ఆడదామనే మాట నాకు నచ్చలేదు. ఎందుకు నచ్చలేదో చెప్పాలంటే కొంచెం దూరం పోయి రావాలి. అందుకే ఎడిటర్ అక్కని అడిగి ఈసారి రెండు చార్టులు తీసుకున్నాను. స్టడీ అవర్ బెల్లు కొట్టేలోపు చదవలేకపోతే మిగతాది రేపు చదువుకోండి, గోడ ఎక్కడికీ పోదు.

ఇంగ్లీషు మేడం ఒకరోజు క్లాసులో 'లెటర్ బాక్సింగ్' అనే మాట చెప్పారు. వెనక బెంచీల వాళ్లు గుద్దులాట అనుకుని చేతులు పైకి లేపారు. గుద్దులాట కాదు. పోస్టాఫీసు ముందు వేలాడే ఎర్ర డబ్బా కూడా కాదు. ఇది నడక ఆట. ఎవరో ఒకరు ఒక చిన్న పెట్టెని బయట ఎక్కడో దాచిపెడతారు. అది ఎక్కడుందో నేరుగా చెప్పరు, ఆనవాళ్లు రాసి ఇస్తారు. ఆ ఆనవాళ్లు పట్టుకుని నడిచిపోయి పెట్టెని పట్టుకోవాలి.

పెట్టెలో ఏముంటుంది? ఇక్కడే మనవాళ్ల మొహాలు వాడిపోతాయి. చాక్లెట్లు ఉండవు, డబ్బులుండవు. ఒక చిన్న నోటు పుస్తకం, ఒక రబ్బరు స్టాంపు ఉంటాయి. ఆ స్టాంపు సాధారణంగా పెట్టె పెట్టిన మనిషి తన చేత్తో చెక్కిందే. మనం అట్ట పెన్సిల్ రబ్బరు మీద బ్లేడుతో చెక్కుతామే, బెండకాయ కోసి రంగులో ముంచి అచ్చులేస్తామే, అలాంటిదే గానీ కాస్త ఓపిగ్గా చేసింది. వెళ్లినవాళ్ల దగ్గర కూడా సొంత స్టాంపు, సొంత పుస్తకం ఉంటాయి. పెట్టెలోని స్టాంపుని తమ పుస్తకంలో గుద్దుకుంటారు. తమ స్టాంపుని పెట్టెలోని పుస్తకంలో గుద్ది తేదీ వేస్తారు. అసలు పేరు రాయరు, ఆటకి పెట్టుకున్న పేరు రాస్తారు. తరవాత పెట్టెని ఎలా ఉన్నదాన్ని అలాగే, అదే రాయి కింద, అదే ఆకులు కప్పి పెట్టి వచ్చేస్తారు. అంతే ఆట. చూసేవాళ్లు ఉండరు. మార్కులు వేసేవాళ్లు ఉండరు.

ఇది ఇంగ్లండులో పుట్టింది. అక్కడ డెవన్ ప్రాంతంలో డార్ట్‌మూర్ అని ఒక ఎత్తయిన బీడు ఉంది. చెట్లు తక్కువ, గడ్డి, రాళ్ల గుట్టలు, అడుగేస్తే దిగబడే బురద నేల, ఉన్నట్టుండి కమ్మే పొగమంచు. చాగ్‌ఫర్డ్ అనే ఊళ్లో జేమ్స్ పెరట్ అనే ఆయన ఆ బీడు మీద నడిచేవాళ్లకి దారి చూపించే పని చేసేవాడు. 1854లో ఆయన క్రాన్‌మియర్ పూల్ అనే మారుమూల చోట రాళ్లు పేర్చి అందులో ఒక సీసా పెట్టాడు. అంతదూరం నడిచి రాగలిగినవాళ్లు తమ పేరున్న చీటీ అందులో వేసి పోయేవారు. పోను పోను అడ్రసు రాసిన కార్డులు వదిలి రావడం మొదలైంది. తరవాత వచ్చినవాళ్లు ఆ కార్డు తీసుకుపోయి పోస్టు చేయాలి. ముక్కూ మొహం తెలియని మనిషి నీ ఉత్తరం మోసుకుపోయి డబ్బాలో వేస్తాడన్న నమ్మకం మీద నడిచిందన్నమాట. ఆటకి ఆ పేరు అలా వచ్చింది. చాలా కాలం అక్కడ పెట్టెలు వేళ్ల మీద లెక్కపెట్టేటన్నే ఉండేవి. తరవాత వేలల్లోకి వెళ్లాయి. 1998లో స్మిత్‌సోనియన్ అనే పత్రికలో దీని మీద ఒక వ్యాసం వచ్చాక అమెరికా వాళ్లు కూడా పట్టుకున్నారు.

అమెరికాలో ఈ ఆట ఆడే చోట్లలో పాత కాలవ గట్లు ఒకటి. నాకు బాగా పట్టింది ఇదే. ఎందుకంటే కాలవ గట్టు చూడ్డానికి ఈ ఆటకి పనికిరానిదిలా ఉంటుంది. ఆలోచించండి. గట్టు తిన్నగా పోతుంది. ఎక్కుడు లేదు, దిగుడు లేదు. ఒక పక్క నీళ్లు, ఒక పక్క చెట్లు. దారి తప్పడానికి వీల్లేదు. మరి పోగొట్టుకునేదే లేనప్పుడు వెతికేదేముంది అనిపిస్తుంది. నిజానికి కష్టమంతా ఆనవాళ్లు రాసేవాడిది. నాలుగు మైళ్లు ఒకేలా కనిపించే గట్టు మీద ఈ ఒక్క చోటు మిగతా చోట్ల లాంటిది కాదు అని ఎలా చెబుతావు? బాగా చూసినవాడే చెప్పగలడు.

ఒక కాలవ గురించి చెబుతాను. అమెరికాలో కనెటికట్ రాష్ట్రంలో న్యూహేవెన్ అనే రేవు పట్నం ఉంది. అక్కడి వ్యాపారులు లోపలి ఊళ్ల సరుకంతా హార్ట్‌ఫర్డ్ అనే ఇంకో పట్నం వైపు పోతోందని ఏడ్చి, తమ రేవుకి సరుకు వచ్చేలా కాలవ తవ్వించారు. 1825లో తవ్వడం మొదలుపెట్టారు. 1828లో ఫార్మింగ్టన్ దాకా పడవలు నడిచాయి, 1835కి పక్క రాష్ట్రంలోని నార్తాంప్టన్ దాకా చేరింది. పడవకి తాడు కట్టి గుర్రం గట్టు మీద నడుస్తూ లాగేది. గట్టు అంత చదునుగా ఉండటానికి కారణం అదే, ఎక్కుడు ఉంటే గుర్రం లాగలేదు. మరి నేల ఎత్తు పెరిగిన చోట ఏం చేసేవారు? అక్కడ లాకు కట్టేవారు. గోదావరి డెల్టా వైపు నుంచి వచ్చిన మన సోషల్ సారుకి లాకులంటే వేరే చెప్పనక్కర్లేదు. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక ఆ కాలవల మీద కూడా పడవలు తిరిగేవి, అక్కడ మనుషులే గట్టు మీద నడుస్తూ తాడుతో లాగేవారు. తెలియనివాళ్ల కోసం చెబుతున్నాను. లాకు అంటే కాలవ మధ్య రాతి గోడల గది, ముందు ఒక తలుపు, వెనక ఒక తలుపు. పడవ లోపలికి రాగానే వెనక తలుపు మూసి పై నుంచి నీళ్లు వదులుతారు. నీళ్లతోపాటు పడవ పైకి లేస్తుంది. ముందు తలుపు తీస్తారు, పడవ పై కాలవలోకి పోతుంది. మెట్లు ఎక్కలేని పడవకి నీళ్లతో మెట్టు కట్టడం అన్నమాట.

ఆ కాలవ లాభం చూడలేదు. గట్లు తెగేవి, బాగుచెయ్యడానికే డబ్బంతా పోయేది. 1848 నాటికి రైలు వచ్చి కాలవని మింగేసింది. చాలా చోట్ల గుర్రం నడిచిన గట్టు వెంటే పట్టాలు వేశారు. తరవాత ఆ రైలు కూడా చాలా చోట్ల ఆగిపోయింది. ఇప్పుడది మనుషులు నడిచే దారి, సైకిళ్ల దారి. న్యూహేవెన్ నుంచి నార్తాంప్టన్ దాకా సుమారు 80 మైళ్లు. చెషైర్ అనే ఊళ్లో పన్నెండో నంబరు లాకుని బాగుచేసి చూడ్డానికి ఉంచారు. ఆ రాష్ట్రపు అటవీ శాఖ అయితే తన అడవుల్లో తనే ఇలాంటి పెట్టెలు పెట్టించి ఆనవాళ్ల కాగితాలు అచ్చు వేసింది. అడవి శాఖ పిల్లల్ని అడవిలోకి రమ్మని పిలవడం! ఇది చదివి మా రూములో అందరం చాలాసేపు నవ్వుకున్నాం.

ఇప్పుడు ఆనవాళ్ల సంగతి. ఆ లాకు దగ్గర ఒక పెట్టె ఉందనుకోండి. ఉందని నేను చెప్పడం లేదు, ఊరికే అనుకుందాం. ఒకడు ఇలా రాస్తాడు.

"లాకు నుంచి ఉత్తరానికి 212 అడుగులు. ఎడమకి తిరిగి 9 అడుగులు. పెద్ద రాయి కింద."

ఇంకొకడు ఇలా రాస్తాడు.

"పడవ నీళ్ల మీద మేడ ఎక్కిన చోట నిలబడు. తలుపు ఆనుకునే రాతి గాడిని వేలితో తడుము. గుర్రం ఏ గట్టున నడిచిందో తేల్చుకో, నువ్వూ ఆ గట్టునే నడువు. గుర్రానికి ఆయాసం వచ్చే చోటు ఈ దారిలో ఒక్కటే ఉంది. అక్కడ ఆగి నీళ్లకి వీపు పెట్టు. ఎదురుగా ఒకే వేరు మీద రెండు మొదళ్లు."

రెండూ ఒకే పెట్టె దగ్గరికి తీసుకుపోతాయి. మొదటిదానితో పోయినవాడు తల వంచుకుని అంకెలు లెక్కపెట్టుకుంటూ పోతాడు. నూట నలభై దగ్గర ఎవరైనా పలకరిస్తే మళ్లీ మొదటికి రావాలి. అదీగాక ఎవరి అడుగులు? నా అడుగు వేరు, మన పీఈటీ సారు అడుగు వేరు. అక్కడ కూడా ఈ తగువు ఉందంట, కొందరు ఒక అడుగుని ఒకటి అంటారు, కొందరు రెండడుగులు కలిపి ఒకటి అంటారు. రెండోదానితో పోయినవాడు లాకు ఎలా పనిచేసిందో ఆలోచించాలి, గోడ మీద గాడి చూడాలి, గట్టు వాలు కాళ్లతో పట్టుకోవాలి. ఒకవేళ పెట్టెని ఎవరో పాడుచేశారనుకోండి, వానకి కొట్టుకుపోయిందనుకోండి. మొదటివాడు ఉత్త చేతుల్తో ఇంటికొస్తాడు. రెండోవాడికి పెట్టె దొరక్కపోయినా కాలవ దొరికింది. నా మాటంతా ఇదే. పెట్టె దొరక్కపోయినా మనిషికి ఏదో ఒకటి దొరికేలా రాసిందే ఆనవాలు. మిగతావి ఉత్త అడ్రసులు.

జీపీఎస్ మీద నాకున్న తగువు కూడా ఇదే. 2000 సంవత్సరం మే నెలలో అమెరికా ప్రభుత్వం ఆ సంకేతాలకి కావాలని పెట్టిన మసక తీసేసింది. కొద్ది రోజుల్లోనే ఒకాయన ఓరెగాన్ రాష్ట్రంలో ఒక బకెట్టులో కొన్ని వస్తువులు పెట్టి, అది ఉన్న చోటు అంకెల్లో చెప్పాడు. అలా ఇంకో ఆట పుట్టింది, దాన్ని జియోకాషింగ్ అంటారు. అది చెడ్డ ఆట అనను. భాష రానివాడు కూడా ఆడొచ్చు, అది దాని గొప్ప. మన లోయలో సిగ్నల్ లేదు కాబట్టి కుదరదని కొందరు అంటున్నారు గానీ అది తప్పు వాదన, జీపీఎస్‌కి సెల్ టవరు అక్కర్లేదు, ఆకాశం కనిపిస్తే చాలు. నా అభ్యంతరం అది కాదు. బాణం గుర్తు చూసుకుంటూ పోయేవాడు చెట్టుని చూడడు. ఇంకోటి, నంబరు రాయడానికి ఆ చోటు గురించి ఏమీ తెలియక్కర్లేదు. ఎక్కడినుంచో జీపులో వచ్చి దిగినవాడు కూడా మన కొండ మీద నిలబడి నంబరు తీసుకుపోగలడు. ఆనవాలు రాయాలంటే ఆ చోట ఉండాలి, దాని సంగతులు తెలియాలి.

సంగతులంటే ఏమిటో ఆ కాలవ మీదే ఒక ఉదాహరణ చెబుతాను. ఇది చదివాక నాకు రెండు రోజులు వేరే ధ్యాస లేదు.

1839లో ఆఫ్రికా నుంచి ఎత్తుకొచ్చి అమ్మేసిన 53 మందిని క్యూబా దేశంలోని హవానా రేవు నుంచి 'అమిస్టాడ్' అనే ఓడలో తరలిస్తున్నారు. వాళ్లలో చిన్నపిల్లలు కూడా ఉన్నారు. ఎక్కువమంది మెండే జాతివాళ్లు, ఇప్పటి సియెర్రా లియోన్ దేశం వైపువాళ్లు. సెంగ్బే పియే అనే ఆయన ముందుండి తిరగబడి ఓడని పట్టుకున్నారు. మమ్మల్ని మా దేశం చేర్చమని తమని కొనుక్కున్నవాళ్లని అడిగారు. పగలు తూర్పుకి నడిపి, రాత్రిళ్లు ఉత్తరానికి తిప్పి వాళ్లు మోసం చేశారు. చివరికి అమెరికా నౌకాదళం పట్టుకుని వాళ్లని న్యూహేవెన్ జైల్లో పెట్టింది. కాలవ మొదలయ్యే ఊరే అది.

జైల్లో ఉన్నవాళ్ల భాష అక్కడ ఎవరికీ రాదు. వాళ్ల మాట కోర్టుకి ఎవరు చెబుతారు? యేల్ కాలేజీలో జోసయా గిబ్స్ అనే పంతులు ఒక పని చేశాడు. జైలుకి పోయి వేళ్లు చూపించి ఒకటి నుంచి పది దాకా వాళ్ల భాషలో అంకెలు నేర్చుకున్నాడు. అవి పట్టుకుని న్యూయార్కు రేవుకి పోయి, ఓడల మధ్య నడుస్తూ, నల్లవాడు కనిపించిన ప్రతి చోటా ఆ అంకెలు పైకి చదివాడు. చదవగా చదవగా జేమ్స్ కోవీ అనే కుర్ర నావికుడికి అవి అర్థమయ్యాయి. తన చిన్నప్పటి భాష! అతను వచ్చి వాళ్లకి దుబాసీ అయ్యాడు. ఒకటి రెండు మూడు అనే మాటలు పట్టుకుని మనిషిని వెతికారు చూడండి, నేను చదివిన ఆనవాళ్లన్నిటిలో గొప్పది అదే. మన దగ్గర ఆరో తరగతిలో చేరిన పిల్లలు మొదటి నెలంతా నోరు విప్పరే, తమ మాట తెలిసిన ఒక్క అక్కో అన్నో దొరికిన రోజున మెస్‌లో ఎలా నవ్వుతారో మనకి తెలుసు.

1841 మార్చిలో అమెరికా సుప్రీంకోర్టు వాళ్లని స్వతంత్రులని తీర్పు చెప్పింది. కానీ ఇంటికి పోవడానికి ఓడ ఛార్జీలేవి? డబ్బు పోగయ్యేదాకా ఫార్మింగ్టన్ ఊళ్లో ఉంచారు. అక్కడ వాళ్లకి ఇంగ్లీషు చదువు చెప్పారు, వాళ్లు పొలం పని చేసుకున్నారు. ఒక రకంగా మన హాస్టల్ లాంటిదే, ఇంటికి పోయే రోజు కోసం చూస్తూ ఉండే చోటు. వాళ్లలో ఫూన్ అనే అతను 1841 ఆగస్టులో అదే కాలవ మీద పడవలు ఆగే మడుగులో మునిగి చనిపోయాడు. ఇంకో మూడు నెలలకి, నవంబరులో, మిగిలిన 35 మంది ఓడెక్కి తమ దేశం బయలుదేరారు. ఫూన్ సమాధి ఫార్మింగ్టన్‌లో నది పక్క శ్మశానంలో ఉంది.

ఇప్పుడు చెప్పండి. ఆ కాలవ దారి మీద ఒకడు "212 అడుగులు, ఎడమకి 9" అని రాసి ఊరుకుంటే, నడిచినవాడు ఫూన్ మునిగిన ఊరి మీదుగా అంకెలు లెక్కపెట్టుకుంటూ దాటిపోతాడు. తెలిసినవాడు రాస్తే ఆ ఊళ్లో ఆపుతాడు. ఆపి, సమాధి రాయి మీద ఒక మాట చూసి రమ్మంటాడు, అందులో అక్షరాలు లెక్కపెట్టమంటాడు. అలా అడగడం ఈ ఆటలో మామూలే. రాసేవాడికి తెలిసినంతే నడిచేవాడికి కనిపిస్తుంది.

అందుకే నేనడిగేది ఇది. మన చోట్ల గురించి ఆనవాళ్లు ఎవరు రాస్తున్నారు? లైబ్రరీ గోడకున్న మ్యాపులో మా ఊరి వాగు ఒక సన్నటి నీలం గీత, పేరు కూడా లేదు. మా ఊళ్లో అడిగితే ఆ వాగుకి వంపు వంపుకీ ఒక పేరుంది. ఇక్కడ ఎద్దు జారింది, ఇక్కడ పలానా ముసలమ్మ ఇప్పపువ్వు ఆరబోసేది, ఇక్కడ ఎండాకాలం కూడా చెలమ తీస్తే నీళ్లు పడతాయి. అడవిలో జట్టుగా పోయేటప్పుడు ముందున్నవాళ్లు రెండు దార్లు చీలిన చోట పోకూడని దారికి అడ్డంగా పచ్చి కొమ్మ విరిచి వేస్తారు. వెనక వచ్చేవాళ్లు ఆకు వాడిన తీరు చూసి, ముందువాళ్లు పోయి ఎంతసేపైందో చెబుతారు. ఇది మనలో చాలామందికి వచ్చు. కానీ బడిలో మనం ఎప్పుడూ ఒకళ్లు అడిగింది వెతికే వైపే ఉంటాం. ప్రశ్న వాళ్లది, జవాబు వెతకడం మన పని. నిధి వేటలో కూడా చీటీలు సార్లు రాస్తారు, మనం పరిగెడతాం. ఆ పరుగులో ఆరో తరగతి పిల్లలు కింద పడటం తప్ప ఇంకేం మిగలదు. ఈ ఆటలో రాసే వైపు కూడా మనమే ఉండొచ్చు. ఇంతకంటే మంచి సంగతి నాకు ఇంకోటి కనపడలేదు.

"బహుమతి లేకపోతే ఎవరాడతారు?" అని మా రూములో ఒకమ్మాయి అడిగింది. సరైన ప్రశ్నే. మొదట తక్కువమందే ఆడతారు. కానీ గోడపత్రికకి మాత్రం ఏ బహుమతి ఉంది? రాసేవాళ్లు రాస్తూనే ఉన్నారు, చదివేవాళ్లు నిలబడి చదువుతూనే ఉన్నారు. పైగా చాక్లెట్ ఒకరికి దొరికితే ఆట అయిపోతుంది. స్టాంపు ఎంతమంది గుద్దుకున్నా అరగదు. "పదో తరగతి వాళ్లకి టైం దండగ" అనే మాటకి మాత్రం నేను జవాబు చెప్పను, ఆదివారం సాయంత్రం వాళ్లు ఏం చేస్తారో అందరికీ తెలుసు.

పెట్టెలు ఎక్కడ పెట్టకూడదో మాత్రం ముందే గట్టిగా అనుకోవాలి. డార్ట్‌మూర్‌లో వేల ఏళ్ల నాటి రాతి వరసలు, పాత సమాధులు ఉన్నాయి. వాటిలోగానీ, పాత గోడల్లోగానీ పెట్టె దాచకూడదని ఆడేవాళ్లే కట్టుబాటు పెట్టుకున్నారు. దాచడం కోసం నేల తవ్వకూడదు, రాళ్లు పెకలించకూడదు. మనకి ఇంకా ఎక్కువ జాగ్రత్త కావాలి. దేవర చెట్టు కింద వద్దు. పెద్దలకి నిలబెట్టిన రాళ్ల దగ్గర వద్దు. మా నాయనమ్మ పేరు కూడా చెప్పకుండా "ఆ చోటు" అని ఊరుకునే చోట్లు ఉన్నాయి, అలాంటివాటికి అసలు ఆనవాళ్లే రాయొద్దు. అన్నీ అందరికీ చూపించాలని ఎక్కడా లేదు. పాము పుట్టల దగ్గర, తేళ్లుండే రాతి సందుల్లో వద్దు. నీళ్లలో దిగాల్సిన ఆనవాలు ఎవరు రాసినా ఎడిటర్ అక్క చించి పారేయాలి. కాలవ చూడ్డానికి ఎంత చిన్నదైనా కాలవే. కంచె దాటే పని కూడా పెట్టకండి, వార్డెన్ సారు ఒప్పుకున్నది కంచె లోపల వరకే.

నిలబడే గుర్తులే రాయండి. ఎర్ర చిగురేసిన చెట్టు అని రాస్తే నెల తిరిగేసరికి ఆ చెట్టు పచ్చగా అయిపోతుంది. పడిపోయిన మొద్దు అని రాస్తే వంటమనిషి పొయ్యిలోకి పోతుంది. గేదె కట్టిన చోటు అని ఒక తమ్ముడు రాసి తెచ్చాడు, గేదె ఒప్పుకోవాలి కదా! మన మన మాటల్లో కూడా రాయండి. కోయలో ఒక ఆనవాలు ఉంటే, కోయ రాని పిల్లలు వచ్చినవాళ్లని పట్టుకుని అడగాల్సిందే. ఇన్నాళ్లూ అడగడం ఎప్పుడూ ఒక వైపు నుంచే జరిగింది.

ప్రతి సంచికలో ఒక మూల ఒక ఆనవాలుకి చోటిస్తామని ఎడిటర్ అక్క చెప్పింది. కుడి చేతి వైపు కింది మూల. రాసి తెచ్చినవాళ్లు పెట్టె పెట్టే ముందు పీఈటీ సారుకి ఆ చోటు చూపించాలి. పెట్టెకి మూత గట్టిగా ఉన్న ప్లాస్టిక్ డబ్బా కావాలి, లోపల పుస్తకాన్ని రెండు కవర్లలో చుట్టాలి, లేకపోతే మొదటి వానకే ముద్దవుతుంది. స్టాంపు చెక్కేటప్పుడు అక్షరాలు తిరగేసి చెక్కాలని మర్చిపోకండి.

మొదటి పెట్టె నేను పెట్టాను. హెచ్.ఎం. సారు చూశారు. ఆనవాలు ఇది.

"మనం కంచాలు కడిగిన నీళ్లు ఎక్కడికి పోతాయో వాటి వెంట పో. అవి పిల్ల కాలవని కలిసే చోట తూము ఉంది. తూము కట్టినవాళ్లు సిమెంటు ఆరకముందు వేలితో ఒక సంవత్సరం రాశారు. అందులో నాలుగు అంకెలూ కూడు. నీళ్లు పోయే వైపే గట్టు మీద అన్ని అడుగులు వెయ్యి, ఆరో తరగతి పిల్లల అడుగులు. తూము చప్పుడు సన్నబడి పిట్టల చప్పుడు వినబడితే సరిగ్గానే వచ్చావు. విస్తరి కుట్టే ఆకు ఏ చెట్టుదో ఆ చెట్టుకి వీపు ఆనించి, పొద్దు గుంకే వైపు చూడు. గట్టు మీద ఉండాల్సిన రాయి కానిది ఒకటి కనిపిస్తుంది, అది కొండ మీది రాయి, నల్లగా ఉంటుంది. చెయ్యి పెట్టే ముందు కర్రతో మూడుసార్లు తట్టు. గుద్దుకున్నాక రాయి మళ్లీ బోర్లానే పెట్టు, నాచు ఉన్న వైపు పైకి."

— 'ఇప్పపువ్వు', 9వ తరగతి